పొత్రం తొడుక్కున్న స్వెట్టర్

చేవెళ్లలో బస్సెక్కితే మొయినాబాద్ వచ్చేలోపు కూర్చోవడానికి సీటు దొరికిన రోజు, ఇంటికొచ్చి అందరికీ చెప్పుకునేంత గొప్ప రోజు. అలాంటి రోజుల సంగతి ఇది. మరీ పాత కాలమేం కాదు, అప్పటికే అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి. ఇప్పటి పిల్లలకు కుళ్లుకోవడానికి ఫోను నిండా బోలెడు మంది దొరుకుతున్నారు. ఒకరు గోవా వెళ్తే కుళ్లు, ఒకరు కారు కొంటే కుళ్లు. నా కుళ్లు అంత విశాలమైనది కాదు. డిగ్రీ అయిపోయి, మొయినాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పిల్లల అడ్రసులు కంప్యూటర్లోకి ఎక్కించే ఉద్యోగంలో చేరిన ఆ ఏడాది, నా అసూయంతా ఒకే ఒక్క మనిషి మీద పెట్టి, శ్రద్ధగా, సెలవు రోజుల్లో కూడా మానకుండా పెంచుకున్నాను.

ఆ మనిషి మా వదినకు చెల్లెలు. నాకంటే కొన్ని నెలలే చిన్నది కాబట్టి వరసకు మరదలు. వాళ్లది మొయినాబాద్ మెయిన్ రోడ్డు మీద మ్యాచింగ్ సెంటర్. కింద దుకాణం, పైన ఇల్లు. చీరల ఫాల్సు, జాకెట్ గుడ్డలు, దారాలు, బొత్తాలు, ఊలు, ఏది కావాలన్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అక్కడికే వస్తారు. ఆ పిల్ల కూడా దుకాణానికి తగ్గట్టే ఉండేది. డ్రెస్సు ఏ రంగో గాజులు ఆ రంగు, గాజులు ఏ రంగో తలలో క్లిప్పు ఆ రంగు, ఆఖరికి చెప్పుల పట్టీ కూడా ఆ రంగే. నేను మనసులో దానికి ‘మ్యాచింగ్’ అని పేరు పెట్టుకున్నాను. (నా చున్నీకీ నా డ్రెస్సుకీ పొత్తు కుదిరిన రోజు మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.) అదొక్కటే అయితే ఓర్చుకునేదాన్ని. మా అన్న ఉన్నాడే, చిన్నప్పటి నుంచి నాకు తప్ప ఎవరికీ స్కూటర్ తాళం ఇవ్వనివాడు, చేవెళ్లలో మిర్చీలు కట్టించుకొస్తే ముందు నా చేతికే ఇచ్చినవాడు, పెళ్లయ్యాక అత్తగారింటికి పోయి వచ్చినప్పుడల్లా మొదలుపెట్టేవాడు: “గా పిల్ల మస్తు హుషారున్నది చెల్లె. దుకాణం మొత్తం ఒక్కతే చూసుకుంటది.” వదిన రావడం నాకు ఇష్టమే. ఆమె మంచి మనిషి, తన చీరలు నన్ను కట్టుకోనిచ్చేది. కానీ ఒక వదినతో పాటు ఇంకొక చెల్లెలు కూడా అన్నకు దొరుకుతుందని నాకెవరూ ముందే చెప్పలేదు.

ఇంతలో వదిన కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. చలికాలం మొదట్లో పాప పుట్టింది. మేనత్తనయ్యానన్న సంతోషంతో నేను మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముగించకుండానే కాలేజీ నుంచి పరుగెత్తేదాన్ని. వెళ్లేసరికి పాప ఎప్పుడూ మ్యాచింగ్ ఒళ్లోనే ఉండేది. స్నానం చేయించేది అదే, సాంబ్రాణి పొగ వేసేది అదే, పాప ఏడిస్తే ఎందుకేడుస్తుందో చెప్పేదీ అదే. నేను చేతులు చాపితే, “వదినా, మెడ కింద చెయ్యి వెట్టుండ్రి. గట్ల కాదు, గిట్ల,” అని నేర్పించేది. మా అన్న బిడ్డను ఎట్లా ఎత్తుకోవాలో నాకు నేర్పించడం! చుట్టూ ఉన్న ఆడవాళ్లు, “పిన్ని పోలికే, ముక్కు సూడు,” అని వంత పాడేవారు. ఆ ముక్కు మా బాపుది. ఎవరు చూసినా తెలుస్తుంది.

నాకు మిగిలిన ఒకే ఒక్క హక్కు తొట్టెల రోజు. మా రెండిళ్లలోనూ పాపను తొట్టెలో వేసి, మేనత్త చెవిలో పేరు చెప్పాలి. అది పిన్ని వల్ల కాదు. ఎన్ని రంగుల క్లిప్పులు పెట్టుకున్నా కాదు. ఆ పేరు చెప్పే గడియలో పాప ఒంటి మీద నా చేత్తో అల్లిన స్వెట్టరే ఉండాలని నిర్ణయించుకున్నాను. అన్న అది చూడాలి, చూసి నలుగురిలో “మా చెల్లె అల్లింది” అనాలి. ఆ ఒక్క మాట కోసం నేను ఆ చలికాలమంతా బతికాను.

స్వెట్టర్ అల్లడం నాకు రాదు. అది చిన్న అడ్డంకి. మా బస్సులోనే కాలేజీ లైబ్రరీ మేడం వచ్చేది. నిలబడ్డా కూర్చున్నా ఆమె చేతుల్లో సూదులు ఆడుతూనే ఉండేవి. డ్రైవర్ బ్రేకు వేసినప్పుడల్లా ముందు సీటువాళ్లు వీపు కాపాడుకునేవారు. ఆమె కాళ్లా వేళ్లా పడితే సీదా, ఉల్టా, రెండు రకాల కుట్లూ నేర్పి, ఒక ముద్రించిన కాగితం ఇచ్చింది. నెలల పాప స్వెట్టర్, తెల్లటి నేల, ఛాతీ మీద పసుపు బాతుల వరస. ఎన్ని కుట్లు ఎక్కించాలో, ఎక్కడ తగ్గించాలో అన్నీ అందులో ఉన్నాయి.

“సన్న ఊలే కావాలె సుమా. బేబీ ఊలు అని అడుగు. మొయినాబాద్‌ల మీ వదినోళ్ల దుకాణంల తప్ప ఈ రోడ్డు మీద ఇంకెక్కడ దొరకది,” అంది మేడం. “ముందుగాల చిన్న ముక్క అల్లి కొలుచుకో. మంచిగొస్తేనే అసలుది మొదలుపెట్టు.”

ఆ దుకాణం మెట్లెక్కి, మ్యాచింగ్ ముందు నిలబడి, పాప స్వెట్టర్‌కు ఊలు ఇవ్వమని అడగడమా? అది నాలుగు రంగులు తీసి, “ఇది మంచిగుంటది వదినా,” అని నాకు ఎంపిక చేసి పెట్టడమా? అంతకంటే పాపను గోనెసంచిలో చుట్టడం నయమనిపించింది. (చివరికి జరిగినదానికీ దానికీ పెద్ద తేడా లేదనుకోండి.) చేవెళ్ల అంగడి రోజు చూసుకుని నేనే బయలుదేరాను. తాళ్లు, పగ్గాలు, గంటలు అమ్మే ఒక అవ్వ దగ్గర రంగురంగుల ఊలు చిలపలు వేలాడుతూ కనిపించాయి. ఎడ్ల మెడలో కుచ్చులకూ, గుమ్మాలకు కట్టే తోరణాలకూ వాడేది. పట్టుకుంటే నా చిటికెన వేలంత లావుంది. కానీ ఊలు ఊలే కదా!

“ఎన్ని ఎడ్లున్నయి బిడ్డా?” అని అడిగింది అవ్వ.

“ఎడ్లకు కాదవ్వా, పాపకు.”

అవ్వ నన్ను కింది నుంచి మీది దాకా ఓసారి చూసింది. “పాపకా? పాప ఎంతున్నది?”

“ఇంకా నెల కూడా నిండలే.”

చిలప చుట్టి ఇస్తూ, “జర పైలం బిడ్డా,” అంది అవ్వ. ఎందుకందో నాకప్పుడు అర్థం కాలేదు. తెల్లది లేదు. చిలకపచ్చ, ఎరుపు, పసుపు తీసుకున్నాను. కాగితంలో తెల్లటి నేల ఉంటే నేను పచ్చటి నేల పెట్టాను. బాతులు ఎర్రవి, ముక్కులు పసుపు. మార్పు చేస్తేనే కదా మన చెయ్యి తెలిసేది అని నాకు నేనే మెచ్చుకున్నాను. చిన్న ముక్క అల్లి కొలుచుకునే పని మాత్రం పెట్టుకోలేదు. పాప రోజురోజుకూ పెరుగుతుంటే ముక్కలల్లుకుంటూ కూర్చునే తీరిక ఎవరికుంది? కాగితంలో ఎన్ని కుట్లు ఉంటే అన్నీ ఎక్కించాను. ఒక్కటి తగ్గించలేదు. ఆ లెక్క సన్న ఊలుకు రాసిందన్న ఆలోచన బుర్రలోకి రాలేదు.

వెనక భాగం అయిపోయి ముందు భాగం మొదలుపెట్టిన రోజుల్లో, కనకమామిడి స్టేజీ దగ్గర బస్సు ఆగి ఉండగా మేడం మామూలుగా అంది: “మీ మరదలు పిల్ల గుడ ఇదే అల్లుతున్నదమ్మా. ఊలు కొననీకి పోతె కాగితం అడిగింది, జిరాక్స్ తీసి ఇచ్చిన. ఎంత సాఫుగ వస్తున్నదో!”

నాకు ఒళ్లంతా కారం పూసినట్టయింది. అదే కాగితం! అవే బాతులు! ఊళ్లో ఇంకే పనీ లేనట్టు, ఇంకే జంతువూ దొరకనట్టు! దిగేదాకా మేడంతో మాట్లాడలేదు. (ఆమె గమనించలేదు, సూదుల్లో ఉంది.) ఆ సాయంత్రమే నా డిజైను మార్చేశాను. బాతులకు తలల మీద నీలం కిరీటాలు వచ్చాయి, వెనక తోకలు వచ్చాయి. ఇక అవి బాతులు కావు, నెమళ్లు. కింద ఒక నీలం గీత, చెరువన్నమాట. చెరువు ఒడ్డున ఊదా రంగు పూలు. చేతుల అంచులకు నారింజ. కొత్త రంగులు మళ్లీ అంగడి అవ్వ దగ్గరే కొన్నాను, ఊదా చాలక అమ్మ పాత గుమ్మం తోరణం ఒక కొస విప్పాను. అమ్మ చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆడపిల్లకు పిచ్చి పట్టినప్పుడు తోరణం సంగతి తర్వాత చూసుకోవచ్చని అనుకున్నట్టుంది.

అల్లడం పూర్తయిన రోజు మంచం మీద పరిచి ఇద్దరినీ పిలిచాను. అమ్మ చాలాసేపు చూసి, “కోడిపుంజులు మంచిగొచ్చినయి,” అంది. బాపు పొలం నుంచి అప్పుడే వచ్చాడు, కాళ్లకు ఇంకా మట్టి ఉంది. కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. “కోళ్లెక్కడియే? క్యారెట్లు అవి. గని క్యారెట్లకు కాళ్లెందుకొచ్చినయి?” అని నన్నే అడిగాడు.

“జర పెద్దగున్నదేమోనే,” అంది అమ్మ మెల్లగా.

“పిల్లలు పెరుగుతరు కదమ్మా!”

“పెరుగుతరు బిడ్డా. తొట్టెల నాటికే పెరుగుతరా?”

నేను వినలేదు. వినే దశ దాటిపోయాను. ఇస్త్రీ చేసి, మంచి క్యారీ బ్యాగులో పెట్టి, తొట్టెల రోజు అందరికంటే ముందే తయారై కూర్చున్నాను.

మొయినాబాద్‌లో ఆ మేడ మీదికి ఎక్కేసరికే ఆడవాళ్లతో గది నిండిపోయింది. తొట్టెకు పూలు కట్టారు. మధ్యలో వదిన ఒళ్లో పాప. పాప ఒంటి మీద తెల్లటి స్వెట్టర్. పాప కోసమే పుట్టినట్టున్న స్వెట్టర్. ఛాతీ మీద బుల్లి బుల్లి పసుపు బాతులు, ఒక్కోదానికి ఆవగింజంత నల్ల కన్ను. అవి బాతులని ఎవరినీ అడగనక్కర్లేదు. అన్న ఫోనులో దాని ఫోటో తీసి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. “సూడు చెల్లె, ఎట్ల అల్లిందో! కండ్లు గుడ వెట్టింది!” అన్నాడు. కళ్లు నేనూ పెట్టేదాన్ని. నా నెమళ్లకు చోటు మిగల్లేదు, అంతే. బ్యాగును తీసుకెళ్లి మూలన బియ్యం బస్తా వెనక్కు తోసేశాను. పేరొక్కటి చెప్పేసి, తలనొప్పి అని ఇంటికి వెళ్లిపోదామనుకున్నాను.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. తొట్టెలో ముందు పాపను వేయరు. రోలు పొత్రాన్ని కడిగి, పసుపు రాసి, పాపలాగే బట్ట కట్టి, ముందు దాన్ని వేసి ఊపుతారు. బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. ఆ తర్వాత తొట్టెకు అటొకరు ఇటొకరు నిలబడి, ఒకరు పొత్రాన్ని, ఒకరు పాపను పట్టుకుని, తొట్టె కింది నుంచి మార్చుకుంటారు. ఈ తతంగానికంతా పెద్దదిక్కు వదినోళ్ల నాయనమ్మ. ఆ ముసలవ్వకు చూపు తక్కువ, గొంతు ఎక్కువ.

“పొత్రానికి బట్టేది? బట్ట తెమ్మంటె ఒక్కరన్న ఇనరు!” అని కేకలేస్తూ మూలమూలా తడుముకుంటూ పోయి, బియ్యం బస్తా వెనక చెయ్యి పెట్టింది. బ్యాగు బయటికొచ్చింది. బ్యాగులోంచి చిలకపచ్చ బయటికొచ్చింది. నేను లేవబోయాను. అవ్వ ఆలస్యం చేసే మనిషి కాదు. పొత్రాన్ని ఒళ్లో పెట్టుకుని, తల మీది నుంచి స్వెట్టర్ దించేసింది. ఎక్కడా బిగుతు కాలేదు. ఎక్కడా వదులు కాలేదు. చేతులు రెండు పక్కలా వేలాడుతుంటే, నెమళ్లన్నీ ఛాతీ విరుచుకుని నిలబడ్డాయి.

“ఓయమ్మో! గీ అంగి ఎవ్వలు తెచ్చిన్రో గని, పొత్రానికి కొలతలిచ్చి కుట్టిచ్చినట్టే ఉన్నది!” అంది అవ్వ.

గదంతా నవ్వు. ఒకామె టమాటాలంది, ఒకామె దీపాలంది. “ఎవరు తెచ్చిన్రు?” అని అన్న అడిగాడు. నేను గోడకున్న క్యాలెండర్ చూస్తున్నాను. దాచడం చేతకాని మా అమ్మ గర్వంగా చెప్పేసింది: “మా చిట్టి అల్లింది. పాపకని. నా తోరణం గుడ ఇప్పింది.”

ఇక అన్న నవ్వు మొదలుపెట్టాడు. గోడ పట్టుకుని, కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వాడు. నవ్వుతూనే అందరికీ పొత్రాన్ని చూపించి, “మా చెల్లె అల్లింది! మా చెల్లె!” అన్నాడు. నేను చలికాలమంతా కోరుకున్న మాట అదే. అక్షరం తేడా లేకుండా అదే. పొత్రం గురించి.

ఏడుపు ఆపుకోవడానికి టైం కూడా ఇవ్వకుండా అవ్వ నన్ను తొట్టెకు ఒక పక్క నిలబెట్టి, పొత్రం చేతిలో పెట్టింది. అవతలి పక్క మ్యాచింగ్, దాని చేతుల్లో పాప. అటు తెల్ల స్వెట్టర్‌లో పాప, ఇటు పచ్చ స్వెట్టర్‌లో రాయి. మా ఇద్దరి సంగతీ తెలియనివాళ్లకు కూడా అప్పుడు తెలిసిపోయుండాలి. “గుండు తీస్కో, బిడ్డనియ్యి,” అని అవ్వ పాట అందుకుంది. గుండంటే పొత్రమే. పాప నా దగ్గరికి, పొత్రం దాని దగ్గరికి. మళ్లీ పాప దాని దగ్గరికి, పొత్రం నా దగ్గరికి. పొత్రం మామూలు బరువు కాదు, నా నడుం పట్టేసింది. ఆఖరిసారి నేను పొత్రాన్ని దాని ముందుకు దొర్లించి పాపను అందుకోబోతే, మ్యాచింగ్ పాపను వదల్లేదు. తొట్టె కింద ఇద్దరం వంగి ఉన్నాం, తలలు దగ్గరగా ఉన్నాయి. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“వదినా, మీకోసం ఊలు తీసి పక్కకు వెట్టిన,” అంది గుసగుసగా. “మీరు గుడ అల్లుతున్నరని మేడం చెప్పింది. ఇయ్యాల వస్తరు, రేపు వస్తరు అని సూసిన. రోజు మా దుకాణం ముంగటికెళ్లే పోతరు. ఒక్కనాడన్న లోపలికి రారు.”

“పాపనియ్యి,” అన్నాను.

“ఇస్త. ఇయ్యక ఏం జేస్త? ఇంకొన్ని దినాలైతే తీస్కనే పోతరు. అక్కను తీస్కపోయిన్రు, ఇప్పుడు పాపను తీస్కపోతరు. మీకు అన్న ఉన్నడు, అక్క ఉన్నది, పాప ఉంటది. పేరు చెప్పేది గుడ మీరే. మిమ్మల్ని సూస్తే నాకెంత కుళ్లో మీకెర్కనా?”

ఉన్న మాట చెబుతున్నాను, నన్ను చూసి ఒకరు కుళ్లుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో! ఏడాదిగా రగులుతున్నదంతా ఒక్కసారి చల్లబడింది. ఆ వెంటనే దాన్ని చూస్తే జాలేసింది. పాపను నాకిచ్చి, నెమళ్ల పొత్రాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుని నిలబడింది. ఆ రోజు దాని డ్రెస్సు నారింజ రంగు. స్వెట్టర్ చేతుల అంచులకు సరిగ్గా మ్యాచింగ్. నేను పాప చెవిలో పేరు చెప్పి, పాపను తొట్టెలో వేయకుండా, పొత్రాన్ని దించమని ముందు దాని చేతుల్లోనే పెట్టాను. “మెడ కింద చెయ్యి వెట్టు,” అన్నాను. అది ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

ఆ తర్వాత మేమిద్దరం ఎంత దగ్గరయ్యామంటే, మమ్మల్ని చూసి వదిన కుళ్లుకోవడం మొదలుపెట్టింది. స్వెట్టర్ మాత్రం నా దగ్గరికి తిరిగి రాలేదు. ముసలవ్వ పొత్రానికే ఉంచేసింది, చలికి రాయి పగలదని. పాపకు నాలుగేళ్లు వచ్చాక, ఇప్పుడైతే సరిపోతుంది కదా అని ఆశగా అడిగి తెచ్చి చూపిస్తే, “అది పొత్రందత్తా, నాకొద్దు,” అంది.

మొన్న చలికాలంలో మ్యాచింగ్ కొడుకు తొట్టెల. అదే మేడ, అదే గది. ముసలవ్వ ఇప్పుడు లేదు, పొత్రం ఉంది. బట్ట వెతకాల్సిన పని లేదు, అది స్వెట్టర్ తొడుక్కునే వచ్చింది. ఎడ్ల ఊలు కదా, రంగు చెక్కుచెదరలేదు. బాబును మా అన్న కూతురు ఎత్తుకుంది. నేను పక్కన నిలబడి మెడ కింద చెయ్యి పెట్టమని నేర్పిస్తున్నాను. ఎందుకో ఎవరో నన్ను గుచ్చి గుచ్చి చూస్తున్నట్టు అనిపించి తల తిప్పాను. గండిపేట నుంచి వచ్చిన బాబు మేనత్త. కొత్తగా ఉద్యోగంలో చేరిందట. గోడ వారగా కూర్చుని, ఒళ్లో ఒక క్యారీ బ్యాగును రెండు చేతులా అదిమి పట్టుకుని, నన్నూ మా పిల్లనూ కాల్చేసేలా చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. చాలా రోజులు అద్దంలో చూశాను.

వెళ్లి పక్కన కూర్చున్నాను. “బ్యాగుల ఏమున్నది బిడ్డా? సూపియ్యి.”

“ఏం లేదక్కా,” అని బ్యాగును వెనక్కు లాక్కుంది. నేను వదల్లేదు. బయటికి తీస్తే నీలం స్వెట్టర్, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. ఛాతీ మీద వంకాయలో చేపలో తెలియనివి ఈదుతున్నాయి.

“చేపలు మంచిగొచ్చినయి,” అన్నాను.

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. మ్యాచింగ్‌ను పిలిచి, స్వెట్టర్ చేతికిచ్చి, “పేరు చెప్పేటప్పుడు గిదే తొడుగు,” అన్నాను. అది స్వెట్టర్‌ను చూసి, నన్ను చూసి, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుని, బాబుకు తొడిగింది. బాబు అందులో సగం మునిగిపోయాడు. పొడుగు చెయ్యిని రెండు మడతలు పెట్టారు. ఆ పిల్ల వంగి చెవిలో పేరు చెబుతుంటే అందరూ ఫోటోలు తీశారు, మా అన్న కూడా తీశాడు. “ఎవరల్లిన్రు? మస్తున్నది,” అన్నాడు.

అబద్ధం ఎందుకు, నాకు కొంచెం కుళ్లొచ్చింది. ఎంత వంకరగా ఉన్నా, ఆ పిల్లది మొదటిసారే బాబు ఒంటి మీదికి ఎక్కింది. తొట్టె దగ్గర నుంచి పొత్రాన్ని ఒళ్లోకి తీసుకుని, మెడ దగ్గర ముడుచుకున్న అంచు సరిచేసి, వేలాడుతున్న చేతులు రెండూ ముందుకు మడిచి పెట్టాను. ఆ పిల్ల అల్లింది బాబుకు బాగా వదులైంది. నాది మాత్రం ఇన్నేళ్లకు కూడా ఎక్కడా వదులు కాలేదు.